పదకొండు దినాలు

కోర్టు కడిగే పని జయచంద్ర ఇంకొకరికి అప్పజెప్పడు. టీముకు కోచ్ అనిపించుకునే మనిషి ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, ఒక చేత్తో నీళ్ల పైపు, ఇంకో చేత్తో కొబ్బరిపీచు పట్టుకొని సిమెంటు నేల మీద గొంతుక్కూర్చుని రుద్దుతుంటే చూసేవాళ్లకు నవ్వే వస్తుంది. నవ్వుకోనీ. అది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. మే నెల నుంచి ఆగస్టు మొదటి వారందాకా తోతాపురి కాయలు లారీల కొద్దీ వచ్చి ఆ బాస్కెట్‌బాల్ కోర్టు మీదే కుప్పలు పడతాయి. కాయల మీద వరిగడ్డి, గడ్డి మీద ఈగలు. సీజను అయిపోయి, గుజ్జు డబ్బాల్లోకి పోయి, తొక్కలూ టెంకలూ ట్రాక్టర్లెక్కి వెళ్లిపోయినా, కారిన రసం మాత్రం సిమెంటును వదలదు. ఎండకు ఎండి కనబడకుండా ఉంటుంది. నాలుగు చినుకులు పడితే చాలు, పాచి పట్టిన మెట్టులా జారుతుంది.

బ్లీచింగు పొడి చల్లి, రుద్ది, నీళ్లు కొట్టి, తడి ఆరకముందే చెప్పులు విడిచి మడమతో నేలను రాసి చూస్తాడు. జారితే మళ్లీ రుద్దుడు. ఉత్తరం పక్క రింగు కింద మాత్రం, జారినా జారకపోయినా, రెండుసార్లు రుద్దుతాడు.

"ఆడ ఎన్నితూర్లు రుద్దుతారు సార్? సిమెంటు లేసిపోతాది," అన్నాడు గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న గిరిప్రసాద్.

జయచంద్ర తలెత్తలేదు. "నీ గేటు సంగతి నువ్వు సూసుకో అబ్బా," అన్నాడు.

గిరి నవ్వాడు. అతనికి ఇరవై ఆరేళ్లు. ఖాకీ చొక్కా, చేతిలో విజిల్. ఎడమ కాలు మడత పడదు కాబట్టి కూర్చున్నప్పుడల్లా దాన్ని ముందుకు బారుగా చాపి పెట్టుకుంటాడు. లోపలికి వచ్చే లారీ డ్రైవర్లు ఆ కాలును దాటుకొని వెళ్లి సంతకం పెడతారు. మూడేళ్ల కిందట ఈ టీము మొత్తానికీ ఆటంటే అతనిదే. ఆ ఉత్తరం రింగు కిందే, బంతి అందుకొని దిగుతూ, అతను జారి పడ్డాడు.

అది తొంభై ఏడు, ఆగస్టు చివరి సోమవారం. కడగడం పూర్తి కాకముందే ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది.

ఓనరు ఏకాంబరం మద్రాసులో చదువుకునే రోజుల్లో బాస్కెట్‌బాల్ ఆడినవాడు. ఆ మోజుతోనే ఫ్యాక్టరీలో కోర్టు వేయించి, టీము పెట్టి, ఏడుగురు ప్లేయర్లకు ఉద్యోగాలిచ్చాడు. అతని వెనక అద్దాల బీరువాలో తొంభై నాలుగు నాటి జిల్లా కప్పు ఉంది. తర్వాత దానికి తోడు ఇంకొకటి రాలేదు.

"శుక్రవారం లోపల ఆ తిరుపతి పిల్లోడు బాలచంద్ర సంతకం పెట్టల్ల," అన్నాడు ఏకాంబరం, కాగితాల్లోంచి కళ్లు తీయకుండానే. "పెడితే టీముంటాది. పెట్టకుంటే కోర్టు మీద షెడ్డు ఏసేస్తా. రెండో మిషను వస్తావుండాది, దానికి జాగా కావల్ల."

"ప్లేయర్లు సార్?"

"మిషను ముందర నిలబడేవాళ్లు నిలబడతారు. లేనోళ్లు ఇంటికి పోతారు. కోచ్‌తో నాకు పనేముంటాది, నువ్వే చెప్పు."

జయచంద్రకు నలభై నాలుగేళ్లు. ఇద్దరు పిల్లలు బడిలో ఉన్నారు. ఈల ఊదడం, ఆడించడం తప్ప ఇంకో పని రాదు.

"మూడేండ్లుగా పిలస్తానే ఉండాం," అన్నాడు ఏకాంబరం. "ఒగడు రైల్వేకి పాయె. ఒగడు మద్రాసు టీములో బెంచీ మీద కూర్చుంటా గానీ మీ ఊరికి రానన్యాడు. ఏలబ్బా? మనమేమన్నా కొరుకుతామా?"

"ఊరు చిన్నది సార్. పేపర్లో పేరు పడదు. సెలెక్టర్లు ఈ పక్కకు రారు..."

"అది గాదు. గేట్లో కాలు పెడతానే ఆ గిరిగాని కాలు కనబడతాది. కుంటోణ్ణి వాకిట్లో కూర్చోబెట్టుకొని ప్లేయర్లను రమ్మంటే ఎవుడొస్తాడు? గురువారం ఆ పిల్లోణ్ణి ఈడికి పిలిపించు. ఆ దినం గిరిగాణ్ణి కండ్లకు కనబడనీవాకు."

జయచంద్ర తల ఊపాడు. అట్లా ఊపినందుకు తన మెడ మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఊపాడు.

సాయంత్రం గేటు దగ్గర సైకిలు దిగి, "గురువారం నీకు లీవు గిరీ. ఓనరు ఇచ్చినాడు. అమ్మను తిరుచానూరు పిలుచుకొని పో, ఎన్నాళ్ల నుంచో అడగతావుంది గదా," అన్నాడు.

గిరి ముఖం విప్పారింది. "మీరు చెప్పినారు గదా సార్ ఓనరుకు? నాకు తెలుసు, మీరే చెప్పుంటారు."

జయచంద్ర సైకిలెక్కి గబగబా తొక్కాడు.

మంగళవారం తిరుపతి బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా అతను కూర్చోలేదు. ఆ దారిలో కిటికీ పక్కన కూర్చోవడం మానేసి మూడేళ్లయింది. అయినా కండక్టరు గొంతు వినబడకుండా పోతుందా?

"కట్టుకాడ దిగేవాళ్లు ముందుకు రాండప్పా!"

బస్సు ఆగింది. తువ్వాలుతో చెయ్యి మెడకు వేలాడగట్టుకున్న మనిషొకడు, ఇద్దరు పట్టుకుంటే గానీ మెట్టు దిగలేని ముసలామె ఒకరు, మెల్లగా దిగారు. విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో పుత్తూరు వస్తారు. గిరి పడిన రోజు జయచంద్ర కూడా గిరిని ఇట్లాగే భుజం మీద వేసుకొని దించాడు.

కట్టు కట్టిన పెద్దాయన చేతులు ఇప్పటికీ గుర్తున్నాయి. మోకాలి చుట్టూ వేళ్లతో తడిమి తడిమి చూసి, కోడిగుడ్డు సొనలో తడిపిన గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి బిగించాడు. గిరి కేక పెట్టకుండా జయచంద్ర చొక్కా అంచు కొరికాడు. పని అయ్యాక పెద్దాయన తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ జయచంద్రను పక్కకు పిలిచాడు. "ఎముకొకటే అయితే నేను భయపడను నాయనా. లోపల నరం గూడా నలిగుండాది. మూడు నెలలు ఈ కాలు నేలకు మోపగూడదు. మోపితే మళ్లా నాకాడికి తేవద్దు, నా చేతిలో ఉండదు."

జయచంద్ర సరేనని లోపలికి వెళ్లాడు. బల్ల మీద పడుకున్న గిరి అడిగాడు, "ఎన్ని దినాలంట సార్?"

జిల్లా ఫైనలు ఎన్ని రోజులుందో అన్ని రోజులే అతని నోట్లోంచి వచ్చాయి. "పదకొండు దినాలంట."

ముందుగా అనుకొని చెప్పిన మాట కాదు అది. తర్వాత పదకొండు రోజుల్లో ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. దిద్దుకోలేదు. పదకొండో రోజు పొద్దున గిరి మంచం పక్కన కూర్చొని తన చేతులతోనే బ్లేడు పెట్టి కట్టు కోశాడు. ఫైనల్లో గిరి ఇరవై రెండు పాయింట్లు కొట్టాడు. ఆఖరి రెండు నిమిషాల్లో కాలు పోయింది. కప్పు వచ్చింది. ఆ తర్వాత వేలూరు ఆసుపత్రి దాకా తిరిగారు గానీ కాలు మాత్రం తిరిగి రాలేదు. నా రాత ఇంతే సార్ అన్నాడు గిరి. గిరి వాళ్లమ్మ చంద్రకాంతమ్మ జయచంద్ర చేతులు పట్టుకొని, నువ్వు గాబట్టి నా బిడ్డకు గేటు పనైనా ఇప్పించినావు నాయనా అని ఏడ్చింది.

ఇదీ అతను మూడేళ్లుగా మోస్తున్న భయం. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఆ పెద్దాయన దగ్గరికి వెళతారు. మాటల్లో మాటగా మూడు నెలలన్న సంగతి బయటికి వస్తుంది. బస్సు కదిలేదాకా అతను ఊపిరి బిగబట్టుకునే ఉన్నాడు.

సాయంత్రం ఐదింటికి యూనివర్సిటీ కోర్టు గట్టు మీద కూర్చొని బాలచంద్ర ఆట చూశాడు. ఇరవై ఒక్క ఏళ్ల పిల్లవాడు, ఆరడుగుల నాలుగంగుళాలు. ఒంటిలో తొందరే లేదు. పరుగెత్తినట్టే ఉండదు, వెళ్లాల్సిన చోట ముందే ఉంటాడు. బంతి కోసం లేచినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు దిగిపోయాక కూడా అతను ఇంకా పైనే ఉన్నాడు. జయచంద్ర అన్నీ మరిచిపోయి, "భళా!" అని తొడ మీద చరుచుకున్నాడు.

అప్పుడు పిల్లవాడు దిగాడు. బరువంతా ఎడమ కాలి మీద వేసి దిగాడు. అచ్చం గిరి దిగినట్టే.

జయచంద్ర గట్టు మీద ముందుకు జరిగాడు. మళ్లీ చూశాడు. మళ్లీ ఎడమ కాలే. ఈ కాళ్లు ఆ కోర్టు మీద, ఆ రింగు కింద దిగుతాయి. తను రోజుకు ఎన్నిసార్లు కడిగితే మాత్రం ఏం ప్రయోజనం?

ఆట అయ్యాక సీనియర్ ఆటగాడు ఒకడు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "ఏం సార్, మళ్లా వల తీసుకొని వచ్చినారా? బాలా, పోరా, మామిడికాయల టీము నిన్ను పిలస్తావుంది. రెండు చేతులా తిని రావచ్చు," అన్నాడు. అందరూ నవ్వారు. బాలచంద్ర నవ్వలేదు. బూట్లు విప్పి, లేసులు జాగ్రత్తగా లోపలికి తోసి, జయచంద్ర పక్కన వచ్చి కూర్చున్నాడు.

"సార్, ఒగ మాట అడగతాను. మీ టీముకు ఎవురూ ఏంటికి రారు?"

జయచంద్ర చెప్పాడు. ఊరు చిన్నది, అక్కడ నువ్వెంత బాగా ఆడినా చూసేవాడు లేడు. చెన్నై టీములో బెంచీ మీద కూర్చున్నా సెలెక్టరు కంట్లో పడతావు, మా దగ్గర అట్లా కాదు. ఎండాకాలం కోర్టు మీద కాయలుంటాయి, నువ్వు కూడా కాయల పనిలో నిలబడాలి. అన్నీ నిజాలే. మూడు నిజాలు చెప్పి నాలుగోది దాచుకున్నవాణ్ణి అబద్ధాలకోరని ఎవరూ అనరు.

"ఇంత ఇదిగా ఎవురూ చెప్పలేదు సార్," అన్నాడు బాలచంద్ర ఆశ్చర్యంగా. "చెన్నై బ్యాంకు టీమోళ్లు అంతా బాగుంటాది బాగుంటాది అనే అన్యారు. ఉద్యోగం మాత్రం రెండేండ్లు సూసి ఇస్తారంట. మీరైతే ముందే పర్మనెంటు."

"నువ్వు ఎడమ కాలి మీద దిగతావుండావు," అన్నాడు జయచంద్ర. ఆ మాట అనాలని అతను అనుకోలేదు. "రెండు కాళ్లమీదా దిగల్ల. మోకాళ్లు కొంచెం వంచి. లే, సూపిస్తా."

చీకటి పడేదాకా అతను ఆ పిల్లవాణ్ణి ఎగిరించి దింపుతూనే ఉన్నాడు. భుజాలు పట్టుకొని బరువు సమంగా పడేలా తిప్పాడు. పాదాల మధ్య ఎంత ఎడం ఉండాలో సుద్దముక్కతో గీసి చూపాడు. ఇరవయ్యోసారో ముప్పయ్యోసారో రెండు పాదాలూ ఒక్కసారిగా నేలకు తగిలాయి. పిల్లవాడు నవ్వుతూ తలెత్తాడు. "రేపు మా ఇంటికి రాండి సార్. మా నాయనతో మాట్లాడండి. ఆయన సరే అంటే గురువారం వచ్చి సంతకం పెడతాను."

జయచంద్ర వచ్చిన పని అయిపోయినట్టే. లాడ్జీకి నడుస్తూ ఆ సంతోషం ఎక్కడన్నా తగులుతుందేమోనని వెతుక్కున్నాడు. తగల్లేదు.

ఏర్పేడు దగ్గరి పల్లెలో బాలచంద్ర తండ్రి గురప్ప వేరుశనగ చేలో కలుపు తీస్తున్నాడు. కొడుకులో సగం ఎత్తు ఉంటాడేమో. జయచంద్రను చూసి గట్టుకు వచ్చి, కాలువలో కాళ్లు చేతులు కడుక్కొని, ఇంటికి పిలుచుకు వెళ్లి, మంచం వాల్చి, మజ్జిగ చెంబు ఇచ్చాడు.

"మీరు నిన్న మావోనికి దిగేది నేర్పించినారంట," అన్నాడు చివరికి. "రాత్రంతా వాకిట్లో ఎగిరి ఎగిరి దిగతానే ఉండాడు. కోళ్లు బెదిరిపోయినాయి."

జయచంద్ర నవ్వాడు.

"నాకు ఆట తెలవదు సార్. మద్రాసు అంటే భయం. ఆడ వానికి జ్వరమొచ్చినా నాకు తెలవదు. మీ ఊరంటే పొద్దన బస్సెక్కితే మధ్యాన్నానికి వస్తాను." గురప్ప తువ్వాలు తీసి మళ్లీ భుజాన వేసుకున్నాడు. "ఒగటే అడగతాను. ఆడేటప్పుడు వానికేమన్నా అయితే ఎవురు సూస్తారు?"

"నేనుండాను గదా," అన్నాడు జయచంద్ర.

ఆ మాట అంత సులువుగా వచ్చినందుకు అతనికి తన మీద తనకే భయం వేసింది. పదకొండు దినాలంట అన్న మాట కూడా అంతే సులువుగా వచ్చింది. తనేదో చెడ్డవాణ్ణని అనుకోలేదు ఇన్నాళ్లు. గట్టిగా అడిగితే ఎదుటివాళ్లకు కావలసింది చెప్పేస్తాడు, అంతే. కోర్టు మీద ఎవడు పడినా ఇంకోసారి అదే చేస్తాడు. ఫైనలు ఎదురుగా ఉంటే, ఏకాంబరం షెడ్డు వేస్తానంటే, ఏడుగురు ప్లేయర్లు ముఖం చూస్తుంటే, ఈ పిల్లవాడి కాలుకు కూడా ఏదో ఒక లెక్క చెబుతాడు.

"మీరుండారు గదా. అది సాలు," అన్నాడు గురప్ప. లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవరులో చుట్టిన సర్టిఫికెట్లు తెచ్చి, వాకిట్లో నిలబడి వింటున్న కొడుకు చేతిలో పెట్టాడు. "రేపు పోయిరా. సార్ ఎట్ల చెప్తే అట్ల విను."

గురువారం మధ్యాహ్నం బస్సులో బాలచంద్ర దిగాడు. గేటు దగ్గర వేరే మనిషి ఉన్నాడు. జయచంద్ర ఎదురు వెళ్లి లోపలికి తీసుకొచ్చాడు. పిల్లవాడు నేరుగా కోర్టు మీదికి నడిచి, చెప్పులు విడిచి, మడమతో సిమెంటును రాసి చూశాడు. సరిగ్గా తను చూసినట్టే.

"తీపి వాసన ఉండాది సార్."

"రోజూ కడగతాను."

"మీరేనా?" అని నవ్వాడు పిల్లవాడు. అతనికి అది కూడా నచ్చింది. ఈ పిల్లవాడికి ఏది చూసినా నచ్చేస్తోంది.

ఏకాంబరం నాలుగింటికి వస్తానన్నాడు. అప్పటికల్లా ఫారం పూర్తిచేసి పెట్టమన్నాడు. జయచంద్ర తన గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఫారం, పెన్ను ముందు పెట్టాడు. బాలచంద్ర ఒక్కో గడి చదివి నిదానంగా నింపుతున్నాడు. పేరు. తండ్రి పేరు. ఊరు. ఎత్తు. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. ఇంకో అరగంట గడిస్తే అయిపోతుంది. ఏడుగురూ నిలబడతారు, తనూ నిలబడతాడు. ఈ పిల్లవాడు జాగ్రత్తగా ఆడతాడు, తను జాగ్రత్తగా చూసుకుంటాడు. అట్లా తనకు తాను చెప్పుకుంటూ ఉండగా వరండాలో అడుగులు వినబడ్డాయి. ఒక అడుగు, ఒక ఈడ్పు. ఒక అడుగు, ఒక ఈడ్పు.

జయచంద్ర గుమ్మం వైపు తిరిగాడు.

గిరి గుమ్మంలో నిలబడ్డాడు. ఉతికిన తెల్ల చొక్కా, చేతిలో స్టీలు టిఫిను డబ్బా. "తిరుచానూరు ఇంగోసారి పోదాంలేరా, కొత్త పిల్లోడు వస్తాడంట గదా అనింది సార్ మాయమ్మ. ఓళిగలు చేసింది. మీకూ, ఆ అబ్బాయికీ." అని బాలచంద్ర వైపు తిరిగి చూస్తూ అట్లాగే ఉండిపోయాడు. చూపు పిల్లవాడి తల దగ్గర మొదలై పాదాల దగ్గర ఆగింది. "ఏం ఎత్తు అబ్బా నువ్వు! నేను గిరిప్రసాద్‌ని. ఈ టీముకే ఆడినాను."

బాలచంద్ర లేచి నిలబడ్డాడు. గిరి కాలును చూడకుండా ఉండాలని చూశాడు గానీ కళ్లు అటే వెళ్లాయి.

"సూడు, సూడు. దాచేదేముండాది," అన్నాడు గిరి. బొబ్బట్ల టిఫిను బల్ల మీద పెట్టి, బారుగా చాచిన కాలుతో కిటికీకి ఆనుకున్నాడు. "మా టీముకు రావద్దని తిరుపతిలో చెప్పుంటారు. ఆడికి పోతే కాలు పోతాదని. నాకు తెలుసులే. నేను చెప్తా విను. పడింది నా తప్పు. చూసుకోకుండా దిగినాను. సార్ నన్ను భుజమ్మీద ఏసుకొని పుత్తూరుకు ఎత్తకపోయినాడు. పదకొండు దినాలు కట్టు. ఆ పదకొండు దినాలూ పొద్దన ఒగతూరి, సాయంత్రం ఒగతూరి మా ఇంటికి వచ్చినాడు. సొంత అన్న గూడా రాడు. కట్టు గూడా ఆయనే విప్పినాడు. కాలు పోయినాక ఇంగో కోచ్ అయితే మొకం సూస్తాడా? ఈయన నాకు పని ఇప్పించినాడు. మంచి ఊరని రావాకు. మంచి టీమని రావాకు. ఈ సార్ ఉండాడని రా. కండ్లు మూసుకొని సంతకం పెట్టు."

బాలచంద్ర కళ్లలో ఇంతవరకు మిగిలిన కొద్దిపాటి అనుమానం కూడా పోయింది. కూర్చొని పెన్ను తీసుకున్నాడు. ఫారం అడుగున గీత మీదికి చెయ్యి వంచాడు.

ఇన్నాళ్లూ జయచంద్ర భయపడింది గిరి ఏదైనా అంటాడని. గిరి తిడితే తట్టుకునేవాడు. ఏదో ఒక సమాధానం చెప్పుకునేవాడు. ఇట్లా పొగుడుతాడని అతను అనుకోలేదు. ఆ పొగడ్తను తాను ఊరుకొని వింటే ఆ పిల్లవాడి కాలు కూడా తన చేతిలోకి వచ్చేస్తుంది.

"మూడు నెలలు," అన్నాడు.

ఇద్దరూ అతని వైపు చూశారు.

"ఏమి సార్?" అన్నాడు గిరి.

"పదకొండు దినాలు గాదు గిరీ. ఆ పెద్దాయన మూడు నెలలు అన్యాడు. కాలు నేలకు మోపితే మళ్లా నాకాడికి తేవద్దు అన్యాడు. బయట తొట్టికాడ నాతో చెప్పినాడు." ఆపితే ఇంక రాదని తెలిసి ఆపలేదు. "పదకొండు నేను చెప్పింది. ఫైనలు ఉన్యింది గదా, అందుకు."

బయట ఎవరో ఖాళీ డబ్బాలు లారీకెక్కిస్తున్న చప్పుడు.

గిరి చెయ్యి కిందికి పోయి మోకాలి మీద ఆగింది. ఎవరిదో కాలును తాకినట్టు తాకి చూశాడు. "ఆ పొద్దు మీ చెయ్యి వణికింది సార్," అన్నాడు. "కట్టు కోసేటప్పుడు. బ్లేడు నాకు తగులుతాదేమోనని భయపడతావుండారు అనుకున్యా. మాయమ్మతో గూడా చెప్పినా, సార్‌కు ఎంత జాలో సూడమ్మా అని."

జయచంద్ర బల్ల అంచు పట్టుకొని నిలబడ్డాడు.

బాలచంద్ర పెన్నుకు మూత పెట్టాడు. చప్పుడు కాకుండా సర్టిఫికెట్ల కవరు తీసుకున్నాడు. "సార్, నేను మా నాయనను ఇంగోసారి అడిగి వస్తాను," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు, భయం ఉంది. చిన్నపిల్లవాడి భయం.

"నాలుగుంబావుకు తిరుపతి బస్సుండాది," అన్నాడు గిరి, అతని వైపు చూడకుండా. "రోడ్డు దాటి ఎడమపక్క నిలబడు. చెయ్యెత్తితే ఆపుతాడు."

పిల్లవాడు గుమ్మం దాటాడు. వరండా మెట్లు మూడూ ఒక్కసారిగా దూకాడు. జయచంద్ర కిటికీలోంచి చూశాడు. రెండు కాళ్ల మీదా దిగాడు.

గిరి టిఫిను చేతిలోకి తీసుకున్నాడు. మూత సరిగ్గా ఉందో లేదో చూసి, మళ్లీ బిగించాడు.

"మాయమ్మతో మీరే చెప్పండి సార్," అన్నాడు. "నా నోటితో నేను చెప్పలేను. మీ పేరు జెప్పి దీపం పెడతాది ఆయమ్మ."

"ఎప్పుడు చెప్పమంటావు?"

"ఇప్పుడే. రేపైతే మీరు చెప్పరు."

అదీ నిజమే. ఈ మనిషికి తన సంగతి ఇంత బాగా తెలుసునని జయచంద్ర ఊహించలేదు.

ఇద్దరూ గేటు దాటేసరికి ఏకాంబరం కారు ఎదురొచ్చింది. మలుపు దగ్గర నెమ్మదించి, అద్దం దిగింది. "యాడ జయచంద్రా పిల్లోడు? సంతకం అయిందా?" జయచంద్ర లేదన్నట్టు తల అడ్డంగా తిప్పాడు. ఆగలేదు. వెనక నుంచి హారను రెండుసార్లు మోగింది. ఉద్యోగం పోయిందని అర్థమైంది. కాయలు పోసే ఆ కోర్టు మీద షెడ్డు లేస్తుంది, ఏడుగురూ అడుగుతారు, వాళ్లకీ చెప్పుకోవాలి. అదంతా తెలుస్తూనే ఉంది. కానీ భయం అటు పోవడం లేదు. అది అర మైలు దూరంలో, గిరి వాళ్ల పెంకుటింటి అరుగు మీద కూర్చొని ఉంది.

ఆ దూరం సైకిలు మీద ఐదు నిమిషాల్లో వెళ్లేవాడు. గిరి పక్కన నడుస్తుంటే ఎంతకీ తరగడం లేదు. ఒక అడుగు, ఒక ఈడ్పు. చింతచెట్టు దగ్గర గిరి ఆగి ఊపిరి తీసుకున్నాడు. జయచంద్ర కూడా ఆగాడు. మళ్లీ నడిచారు. గిరి ఇంత నిదానంగా నడుస్తాడని మూడేళ్లు రోజూ చూస్తూ కూడా అతనికి తెలియలేదు.

చంద్రకాంతమ్మ అరుగు మీద చేటలో కందిపప్పు ఏరుతోంది. ఇద్దర్నీ చూసి చేట దించి లేచింది. "రా నాయనా, రా! ఆ పిల్లోడు ఓళిగలు తిన్యాడా? తీపి సాలిందా?" అంటూ చాప తెచ్చి పరిచింది. గిరి టిఫిను గుమ్మం పక్కన పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

జయచంద్ర చాప మీద కూర్చోలేదు. చెప్పులు విడిచి, కింద మట్టిలో నిలబడ్డాడు.

"అమ్మా, నువ్వు కొంచెం కూర్చో," అన్నాడు.

ఆమె నవ్వుతూనే కూర్చుంది.